కావాలని తప్పిన లెక్కలు

"నేను అడుగుతున్నది నిన్నే. ఎన్నాళ్ళ నుంచి?"

అమ్మ గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది అనుకుంది గువ్వ. అరిచే అమ్మ దగ్గర ఎలా తప్పించుకోవాలో ఆమెకి తెలుసు. ఇలా నెమ్మదిగా, సూది గుచ్చే ముందు చెయ్యి చాపమన్నట్టు అడిగే అమ్మ దగ్గర ఎటు చూడాలో కూడా తెలియదు.

అమ్మ ఇంకా చెప్పులు విప్పలేదు. ల్యాబ్ నుంచి వచ్చింది వచ్చినట్టే, తెల్లకోటు చేతి మీద, సంచి భుజాన, గుమ్మంలో నిలబడిపోయింది.

"పరీక్ష తప్పినప్పటి నుంచి," అంది గువ్వ.

"అంటే, ఆదివారం ఆదివారం స్నేహితురాలింటికి చదువుకోడానికని వెళ్ళింది అక్కడికన్నమాట."

"ఊఁ."

"ఊఁ కొట్టడానికి నేనేం కథ చెప్తున్నానా?"

గువ్వ తల దించుకుంది. వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"కూర మాడిపోతోంది, ఎవరైనా వచ్చి చూడండర్రా!"

స్టవ్ ముందు గరిటె పట్టుకుని నిలబడింది అమ్మమ్మే. మాడుతున్నదేదో ఇంట్లో ఇంకో చోట ఉందని ఆవిడకి తెలుసు. దాన్ని దింపడానికి ఆవిడకి తోచిన ఉపాయం అది.

అమ్మ కదల్లేదు.

"ఈరోజు ఒకావిడ వచ్చింది, రక్త పరీక్షకి," అంది. "వాళ్ళబ్బాయి ఆయన దగ్గరే చదువుతాడట. పిడికిలి బిగించండి అంటే బిగించి, నా మొహం చూసి నవ్వింది. 'మీ అమ్మాయి కూడా మాస్టారి దగ్గరికే వస్తోందటగా, మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయన్నమాట, సంతోషం' అంది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను నరం తప్పలేదు. ఈరోజు తప్పాను. ఆవిడ చెయ్యి కమిలిపోయింది. క్షమించమని అడిగాను. ఆవిడ వెళ్ళాక బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను."

"అమ్మా, చెబుదామనే అనుకున్నాను..."

"ఊళ్ళో చదువు చెప్పేవాళ్ళే కరువయ్యారా? గాలించి గాలించి చివరికి ఆయనే దొరికాడా?"

"లెక్కలు ఆయనంత బాగా ఎవరూ చెప్పరమ్మా."

అమ్మ అప్పుడు నవ్వింది. ఆ నవ్వు గువ్వకి అస్సలు నచ్చలేదు.

"ఊరందరి పిల్లలకీ చెప్పాడు. ఏనాడైనా నీకు చెప్పాడా?"

గువ్వ దగ్గరా ఉన్నది అదే ప్రశ్న. చిన్నప్పటి నుంచీ ఉంది.

అప్పట్లో వీళ్ళ ముందు గది గదిలా ఉండేది కాదు. సాయంత్రమైతే చాలు, గుమ్మం బయట చెప్పుల గుట్ట. లోపల గోడకి నల్లబోర్డు, కింద చాప మీద కాలేజీ పిల్లలు, బోర్డు ముందు నాన్న. చొక్కా భుజం మీద సుద్దపొడి. గువ్వ వంటింటి గుమ్మానికున్న తెర వెనక కూర్చుని వినేది. ఏమీ అర్థమయ్యేది కాదు. కానీ ఆ గొంతు ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పోయి, చివరికి "చూశారా, ఎంత తేలికో!" అనగానే లోపల పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి వదలడం వినిపించేది. తెర ఇవతల తనూ వదిలేది.

"నాకూ చెప్పు నాన్నా," అని అడిగితే ఆయన బుగ్గ మీద సుద్ద మరక పెట్టి, "నువ్వు మనింటి పిల్లవే కదమ్మా, నీకెప్పుడైనా చెప్పుకోవచ్చు," అనేవాడు.

ఆ ఎప్పుడైనా అన్నది ఎప్పుడూ రాలేదు. అది రాకముందే ఆయన బోర్డు గోడ మీంచి ఊడదీసుకుని, ఊరికి ఆ చివర గది అద్దెకి తీసుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళయింది. ఆ బోర్డు ఉన్నచోట గోడ ఇప్పటికీ చుట్టుపక్కల కంటే తెల్లగా ఉంటుంది. అమ్మ అక్కడ క్యాలెండర్ వేలాడదీసింది గానీ, అది సరిపోలేదు.

"రేపు మధ్యాహ్నం ఒక లెక్చరర్ వస్తుంది," అంది అమ్మ, చివరికి చెప్పులు విప్పుతూ. "మా ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేసే ఆవిడ చెల్లెలు. పరీక్ష అయ్యేదాకా ఆవిడ దగ్గర చదువుకో. ఈసారి గట్టెక్కావా, సరే. తప్పావా, ఫిజిక్సూ వద్దు, గిజిక్సూ వద్దు. నాతో ల్యాబ్‌కి వచ్చి పని నేర్చుకో. అక్కడికి మాత్రం ఇంక వెళ్ళడానికి వీల్లేదు."

"అమ్మా, ఈ ఒక్క ఆదివారం..."

"వీల్లేదన్నాను."

అమ్మమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. కూతురి మొహం చూసింది, మనవరాలి మొహం చూసింది.

"కూర నిజంగానే మాడింది," అంది. "ఇందాక ఊరికే అన్నాను. మీ గొడవ వింటూ నిలబడితే ఈ లోపల నిజమై కూర్చుంది."

ఎవరూ నవ్వలేదు. ముగ్గురూ మాడిన కూరే తిన్నారు. ఒకరినొకరు ఏమీ అడగలేదు, మంచినీళ్ళు తప్ప.

లెక్చరర్ అన్న మాట ప్రకారం వచ్చింది. గువ్వకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పక్కింటి అక్కలా ఉంది. భయపెట్టే మనిషి కాదు. అదే గువ్వకి ఇంకా కష్టమైంది. కోపం తెచ్చుకోడానికి కూడా వీల్లేని మొహం.

ముందు గదిలో బల్ల వేశారు. అమ్మ ఆరోజు సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉంది. బట్టలు మడతపెట్టే నెపంతో మూలన కూర్చుంది. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని దారం సూదిలోకి ఎక్కిస్తోంది. ఎంతసేపటికీ ఎక్కడంలేదు. కళ్ళు సూది మీద ఉంటే కదా.

"ఏ పేపర్ తప్పావు?" అడిగింది లెక్చరర్.

"మేథమేటికల్ ఫిజిక్స్, మేడమ్."

"అందులో ఏది రాదు?"

రాత్రంతా గువ్వ ఆలోచించింది ఇదే. రాదని చూపిస్తే, సరే ఈవిడే రోజూ వస్తుంది అంటుంది అమ్మ. ఆదివారం పోయినట్టే. వచ్చని చూపిస్తే, ఇంక ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదుగా అంటుంది. అలాగైనా ఆదివారం పోయినట్టే. ఎటు దూకినా గోడే.

"అన్నీ కొంచెం కొంచెం," అంది చివరికి.

"సరే, తేలికైనదే చేద్దాం. ఒక తీగ ఉంది. రెండు కొసలూ బిగించి కట్టేశాం. మధ్యలో మీటితే ఎలా ఊగుతుందో రాయి."

గువ్వ పెన్ను పట్టుకుంది. కాగితం వైపు చూసింది. రాయలేదు. మూలన బట్టల మడతలు ఆగిపోయాయి.

"పర్లేదు, నేను మొదలుపెడతాను, నువ్వు చూస్తూ ఉండు," అని లెక్చరర్ కాగితం తన వైపు తిప్పుకుంది. మాట్లాడుతూనే చకచకా రాసుకుపోయింది. సమీకరణం రాసింది, రెండు ముక్కలుగా విడగొట్టింది, సైను ఒకటి, కోసైను ఒకటి వేసింది. రెండిటినీ వెంటేసుకుని తర్వాతి లైనులోకి వెళ్ళిపోయింది.

గువ్వ చూస్తూ ఉండిపోదామనే అనుకుంది. నిజంగా అనుకుంది. కానీ కోసైను అలా తప్పుగా నడిచి వెళ్ళిపోతుంటే, గుమ్మంలో పాలగిన్నె తన్నుకుంటూ పోయే పిల్లిని చూసినట్టయింది ఆమెకి. నోరు ఊరుకోలేదు.

"మేడమ్, అది ఉండదు."

"ఏది?"

"కోసైను. కొస కట్టేశాం కదా. అక్కడ తీగ కదలకూడదు. కోసైను ఉంటే కదులుతుంది. దాన్ని అక్కడే కొట్టేయాలి."

లెక్చరర్ కాగితం చూసుకుంది. నాలిక కరుచుకుంది.

"అవును సుమా! మాటల్లో పడి చూసుకోలేదు." తలెత్తి గువ్వని కొత్తగా చూసింది. "సరే, ఇక్కణ్ణుంచి నువ్వు చెయ్యి."

చేసింది గువ్వ. ఇంక దాచి లాభం లేదనిపించింది. అంతకంటే నిజం, రాస్తుంటే బాగుంది. తడబడాల్సిన చోటు వెతుక్కోకుండా, ఎక్కడా కావాలని ఆగకుండా, తనకి వచ్చినంత వేగంగా రాయడం ఎన్ని వారాలైందో. లెక్చరర్ ఇంకొకటి ఇచ్చింది. అదీ చేసింది. వేడి ఎలా పాకుతుందో అడిగింది. అదీ రాసింది. నాలుగోది అడగబోయి ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

"ఆంటీ," అంది మూలకి తిరిగి. "నన్నెందుకు పిలిచారో గానీ, ఈ అమ్మాయికి ట్యూషన్ అక్కర్లేదు. ఇంకో గంట కూర్చుంటే తనే నాకు చెప్పేలా ఉంది."

"పోయినసారి తప్పింది," అంది అమ్మ.

"పోయినసారి సంగతి నాకు తెలీదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని పాసవుతుంది. ఎవరో గానీ చాలా బాగా చెప్పారు."

ఎవరో గానీ అన్న మాట గది మధ్యలో పడింది. ఎవరూ తీయలేదు.

లెక్చరర్ టీ తాగి, మొహమాటంగా నవ్వి వెళ్ళిపోయింది. తలుపు వేసి వచ్చిన అమ్మ మళ్ళీ మూలకి పోలేదు. బల్ల ముందు, ఇందాక లెక్చరర్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. గువ్వ రాసిన కాగితం తీసుకుని చూసింది. ఆమెకి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా చివరిదాకా చూసింది.

"అన్నీ వచ్చు."

గువ్వ పెన్ను పక్కన పెట్టింది.

"ఎప్పటి నుంచి వచ్చు?"

"కొన్ని వారాలైంది."

"మరి అన్నీ వచ్చేస్తే ఇంకా ప్రతి ఆదివారం అక్కడ ఏం చదువుతున్నావు?"

కిటికీ దగ్గర అమ్మమ్మ సూది కింద పెట్టేసింది.

"తప్పులు చేస్తున్నాను," అంది గువ్వ.

"ఏంటి?"

"వచ్చిన లెక్కే రానట్టు చేస్తున్నాను. వచ్చేసిందని తెలిస్తే పంపించేస్తాడు కదా. ఎవరికైనా అంతే. 'నీకు వచ్చేసింది, ఇక నువ్వు రానక్కర్లేదు, ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు' అంటాడు. అందుకని ఒకచోట మైనస్ వదిలేస్తాను. ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్తాడు. నేను వింటాను. నా ఒక్కదానికే చెప్తాడమ్మా. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక చివర్లో వెళ్తాను నేను. ఆ కాసేపు ఇంకెవరూ ఉండరు."

అమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. అరచేత్తో సాపు చేసింది. నలగనిదాన్ని మళ్ళీ సాపు చేసింది.

కాగితాన్నే అడిగినట్టు అడిగింది.

"సన్నబడ్డాడా?"

"కొంచెం."

"కళ్ళజోడు మార్చాడా?"

"లేదు. కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు."

"ఉండేది కళ్ళద్దాల కొట్టు మీద అన్నారు!"

"కొట్టు కిందే ఉంది. దిగాలి కదా."

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వు వస్తోందో ఇంకేదో వస్తోందో గువ్వకి తెలియలేదు. వచ్చింది రెండూ.

"అంత మొద్దు మనిషిని ఎక్కడా చూళ్ళేదు," అంది అమ్మ. "చెప్పింది చెప్పినట్టే వింటాడు. అదీ సరిగ్గా వినడు. ఆరోజు ఏమైందో నీకు తెలుసా? నాకు ఒంట్లో బాగాలేదు. జ్వరం. పడుకుందామంటే ఈ గదిలో పాతికమంది పిల్లలు, ఆ గదిలో వాళ్ళ సంచులు. ఇల్లు బడైపోయింది, నాకంటూ పడుకోడానికింత చోటు లేదు. వాళ్ళు వెళ్ళాక అరిచాను. ఆ బోర్డు చూపించి, దీన్ని ఇక్కణ్ణుంచి తీసుకుపోండి అన్నాను. తీసుకుపోండి. బోర్డుని. ఏ వరండాలోకో, మేడ మీదకో."

"మరి?"

"ఆయన విన్నది, తీసుకుని పొండి అని. తీసుకుని పోయాడు."

గువ్వ అమ్మ మొహంలోకి అలాగే చూస్తుండిపోయింది.

"ఒక్క 'ని' కోసమటే?" అంది అమ్మమ్మ కిటికీ దగ్గర్నుంచి. "ఒక్క అక్షరం మధ్యలో దూరితే కాపురం బయటికి పోయిందా? ఆ మాట అప్పుడే చెప్పి ఏడవచ్చుగా?"

"నేనెందుకు చెప్పాలి?" అమ్మ గిర్రున తిరిగింది. "కట్టుకున్నదానికి జ్వరమొచ్చి అరిస్తే, పొమ్మందనుకుని పెట్టె సర్దుకున్న మనిషి వెనక నేను పడాలా? నన్ను వదిలేసి బోర్డు పట్టుకుపోయాడు. చేతుల్లో పట్టేది అదే కదా మరి. అదే ముఖ్యమని నాకు అర్థమైంది."

"వారంలో తిరిగొస్తాడనుకున్నావు," అంది అమ్మమ్మ, మెత్తగా.

అమ్మ లేచి బట్టల దగ్గరికి వెళ్ళింది. మడతపెట్టినవాటినే విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఇవన్నీ అక్కడికి మోసుకెళ్ళి చెప్పకు," అంది వెనక్కి తిరక్కుండా.

అక్కడికి వెళ్ళొద్దు అనలేదు. ఆ తేడా గువ్వ పట్టుకుంది.

మర్నాడు, ఆదివారం ఉదయం, అమ్మ ఇస్త్రీ చేసుకుంటోంది. గువ్వ టీ గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. టీ చల్లారిపోయింది.

"పొద్దెక్కితే బస్సులో నిలబడ్డానికి కూడా చోటుండదు," అంది అమ్మ. కోటు కాలరు మీద ఇస్త్రీ పెట్టె జరుగుతూనే ఉంది.

గువ్వ లేచింది. సంచి తీసుకుంది. మెట్లు దిగుతుంటే వెనక అమ్మమ్మ "అల్లుడికి నా పేరు చెప్పి నాలుగు తిట్టవే!" అంది.

కళ్ళద్దాల కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే నాన్న గది. కింద అద్దాలు అరగదీసే చక్రం రోజంతా సన్నగా గీపెడుతూ ఉంటుంది. గది మొత్తానికి ఒక మంచం, ఒక స్టవ్, పుస్తకాలు, గోడ నిండా ఆ బోర్డు. ఇంట్లో ఉన్నప్పుడు అది అంత పెద్దదని గువ్వకి తెలియదు.

మొదటిరోజు వచ్చినప్పుడు అందరితోపాటు చాప మీద కూర్చుని, అందరిలాగే "సార్" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఊఁ, చెప్పమ్మా" అన్నాడు. అప్పటి నుంచి అదే పిలుపు నిలిచిపోయింది. మార్చడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఈరోజు కూడా మిగతా పిల్లలు దిగి వెళ్ళేదాకా ఆగి ఎక్కింది. ఆయన బోర్డు తుడుస్తున్నాడు. దారం చుట్టిన కళ్ళజోడు ముక్కు మీదకి జారింది.

"రా అమ్మా. పోయిన వారం ఇచ్చినవి చేశావా?"

కాగితాలు ఇచ్చింది. ఆయన మంచం అంచున కూర్చుని చూశాడు. మొదటిది చూశాడు, రెండోది చూశాడు. మూడో కాగితం దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ మైనస్ లేదు."

"మర్చిపోయాను సార్."

"సరే, మర్చిపోయావు." వేలు కింది లైనులోకి జరిగింది. "మరి ఇక్కడ మళ్ళీ ఎలా వచ్చింది?"

గువ్వ వంగి చూసింది. నిజమే. పై లైనులో తను కావాలని వదిలేసిన మైనస్, కింది లైనులో బుద్ధిగా తన చోట్లో కూర్చుని ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది.

"మర్చిపోయిన మైనస్ దానంతటది నడిచి రాదమ్మా," అన్నాడాయన.

కింద చక్రం గీపెడుతోంది. గువ్వకి ఇదే ఆఖరి ఆదివారం అనిపించింది. ఇప్పుడు ఆయన కాగితాలు చేతిలో పెట్టి, నీకు వచ్చేసింది, ఇక వెళ్ళు అంటాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"చాలా రోజులైంది. తప్పు రాయడం కూడా రావాలి. అది నీకు బొత్తిగా రాదు. నిజంగా తెలియనివాడి తప్పు ఒకచోట ఉండదు, ఊరంతా తిరుగుతుంది. నువ్వు ప్రతిసారీ ఒక్కచోటే చేస్తావు. నాకు వెతికే పని లేకుండా."

"మరెందుకు ఊరుకున్నారు?"

ఆయన లేచాడు. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచాడు.

"తెలిసిపోయిందని చెప్తే, మళ్ళీ ఆదివారం ఏమని రమ్మంటాను?"

గువ్వ చాప మీద కూర్చుంది. ఇన్ని వారాలూ తను దొంగతనంగా తెచ్చుకుంటున్నానని అనుకున్నది, ఆయన తలుపు తీసి పెట్టి మరీ ఇస్తున్నాడన్నమాట.

"రమ్మంటే రానా నాన్నా? దానికి లెక్కలెందుకు?"

నాన్నా అన్న మాటకి ఆయన చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది.

"రమ్మనడం నాకు రాదమ్మా," అన్నాడు, గోడ వైపే తిరిగి. "అందరూ వాళ్ళంతట వాళ్ళే వస్తారు. వచ్చినవాళ్ళకి చెప్తాను. పిలవడం ఎలాగో తెలీదు నాకు." బోర్డు అంచున సుద్దముక్క సర్దాడు. "మీ అమ్మకి... కాళ్ళ వాపులు తగ్గాయా? రోజంతా నిలబడే పని."

"ఆవిడనే అడగొచ్చుగా."

"పొమ్మన్నాక ఎలా అడుగుతాను?"

చెప్పొద్దంది అమ్మ. నాలుగు తిట్టమంది అమ్మమ్మ. గువ్వకి ఎవరి మాట వినాలో ఆలోచించే ఓపిక లేకపోయింది.

"పొమ్మనలేదు."

"ఏంటి?"

"తీసుకుని పొండి అనలేదు. తీసుకుపోండి అంది. ఈ బోర్డుని. జ్వరమొచ్చి, పడుకోడానికి చోటు లేక. నువ్వు వరండాలో పెడతావనుకుంది. వారంలో వస్తావనుకుంది."

ఆయన తిరిగి చూశాడు. పెదవులు కదిలాయి. తీసుకుపోండి అనుకున్నాడు. తీసుకుని పొండి అనుకున్నాడు. పిల్లలు రాసిన జవాబుని తన మాటల్లో ఒకసారి చెప్పుకుని సరిచూసుకున్నట్టు, రెండూ మళ్ళీ అనుకున్నాడు.

"నాకు అలా వినపడలేదు," అన్నాడు.

"వినపడకపోతే అడగాలి! మీ ఇద్దరికీ వచ్చిన భాషే కదా అది! 'ఏమన్నావు?' అని ఒక్కసారి అడిగితే సరిపోయేది కదా!"

"పొమ్మన్న ఇంటికి మళ్ళీ వెళ్ళి, నిజంగానే పొమ్మన్నావా అని ఎలా అడుగుతారమ్మా ఎవరైనా?"

"అలాగే అడుగుతారు! సిగ్గు విడిచి అడుగుతారు!" గువ్వ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆవిడకి నీ వెనక పడడం చిన్నతనం. నీకు తిరిగి రావడం చిన్నతనం. మధ్యలో నేను ఎవరికి గుర్తున్నాను నాన్నా? మా నాన్న దగ్గర కూర్చోడానికి నేను పరీక్ష తప్పాల్సి వచ్చింది. వచ్చిన లెక్కలు రావని అబద్ధాలు రాయాల్సి వచ్చింది. ఊళ్ళో ఏ పిల్లకైనా ఇంత అవసరం పడిందా?"

కింద చక్రం ఆగిపోయింది.

"మాస్టారూ!" కొట్టతను కింద నుంచి కేకేశాడు. "అంతా బాగేనా?"

"బాగానే ఉంది," అన్నాడు నాన్న. "మా అమ్మాయి. లెక్క చెప్తోంది."

కాసేపటికి చక్రం మళ్ళీ మొదలైంది.

గువ్వ మొహం తుడుచుకుని లేచింది. ఇంక ఇక్కడ ఉండడం తన వల్ల కాదనిపించింది. కాగితాలు సంచిలో కుక్కుకుంది.

"పరీక్ష గట్టెక్కుతాను. నువ్వు భయపడకు," అంది. "వెళ్తున్నా."

మెట్లు సగం దిగేసరికి వెనక చెప్పుల చప్పుడైంది. ఏ ఆదివారమూ ఆయన మెట్లు దిగి సాగనంపలేదు. ఈరోజు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. చొక్కా భుజం మీద సుద్దపొడి అలాగే ఉంది. కొట్టతను కళ్ళద్దాలు పైకెత్తి వింతగా చూశాడు.

బస్‌స్టాపు దాకా ఆయన ఆమెకంటే అరడుగు వెనక నడిచాడు. గువ్వ కావాలనే నెమ్మదించింది. ఆయనా నెమ్మదించాడు.

బస్సు వచ్చింది. దాదాపు ఖాళీ. గువ్వ ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచి పక్క సీట్లో పెట్టింది. వెళ్ళొస్తానని చెప్పాలని కిటికీలోంచి చూసింది. స్టాపులో ఆయన లేడు.

ఆయన బస్సు గుమ్మం దగ్గరున్నాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు ఇంకా రోడ్డు మీదే ఉంచి.

"జ్వరమని నాకు చెప్పలేదమ్మా," అన్నాడు, గువ్వకి మాత్రమే వినపడేంత గొంతుతో. "ఆరోజు. జ్వరమని చెప్పలేదు."

"వెళ్ళి చెప్పు ఆవిడకి."

"ఏమని చెప్పను?"

"ఏమయ్యా పెద్దాయనా!" కండక్టరు విసుక్కున్నాడు. "ఎక్కుతారా, దిగుతారా? మధ్యలో వేలాడితే బండి ఎలా కదులుతుంది?"

ఆయన కండక్టరు వైపు చూశాడు. ఎక్కలేదు. దిగలేదు.

గువ్వ రమ్మని పిలవలేదు. పక్క సీట్లోంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.